గుర్రం కడుపులో పొట్టుపొయ్యి

అమెరికాలోని మిన్నెసోటా నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. వాళ్ళమ్మాయి హైస్కూల్లో చదువుతోంది. శనివారాలు ఊరి బయట ఉన్న గుర్రాల సంరక్షణ కేంద్రానికి వాలంటీరుగా వెళ్తుంది. తిండి పెట్టలేక కొందరు, పెట్టడం ఇష్టంలేక కొందరు వదిలేసిన గుర్రాల్ని అక్కడ చేరదీస్తారు. "బయట మైనస్ 20 డిగ్రీలు. ఆ గుర్రాలేమో మంచులో నిలబడి గడ్డి తింటున్నాయి. వీపుల మీద మంచు పేరుకుని ఉంది. చాలావాటికి దుప్పటి కూడా లేదు. కాపాడటమంటే ఇదేనా? వీడియో చూసి మా అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వేడివేడిగా ఉలవ గుగ్గిళ్ళయినా పెట్టమని చెప్పవే అంటోంది" అని రాశారు.

అమ్మగారి జాలిలో తప్పేమీ లేదు. కానీ ఆ వీడియోలో నాకు అన్నిటికంటే ధైర్యం ఇచ్చింది వీపు మీద పేరుకున్న మంచే. అది కరగలేదంటే లోపలి వేడి బయటికి పోవడం లేదన్నమాట. చలికాలపు బొచ్చు నిక్కబొడుచుకున్నప్పుడు వెంట్రుకల మధ్య గాలి చిక్కుకుంటుంది. కదలని గాలి వేడిని తేలిగ్గా పోనివ్వదు. దాని కింద చర్మం వెచ్చగా ఉంటుంది, పైన మంచు మంచులాగే ఉంటుంది. బొచ్చు సంగతి చివర్లో మళ్ళీ చెప్తాను. ముందు ఆ వేడి ఎక్కడ పుడుతోందో చూద్దాం. నన్ను ఏళ్ళ తరబడి వదలని విషయం అదే.

మా చిన్నప్పుడు ఇంట్లో పొట్టుపొయ్యి ఉండేది. రేకు డబ్బా మధ్యలో ఒక సీసా నిలబెట్టి, చుట్టూ రంపపు పొట్టు దట్టంగా కూరి, సీసాని మెల్లగా పైకి తీసేవాళ్ళు. అడుగున అంటిస్తే భగ్గున మండదు. పొట్టు లోపల్లోపలే రాజుకుంటూ పోతుంది. పొద్దున అంటిస్తే వంటయ్యాక కూడా నీళ్ళు కాగుతూనే ఉండేవి. గుర్రం కడుపులో ఉన్నది అచ్చంగా అలాంటి పొయ్యి.

గుర్రం ఆవులాగా నెమరు వెయ్యదు. ఇద్దరూ తినేది గడ్డే, ఇద్దరి దగ్గరా దాన్ని పులియబెట్టే తొట్టి ఉంది. ఆవుకు ఆ తొట్టి ముందుంటుంది, గుర్రానికి వెనకుంటుంది. గుర్రం జీర్ణాశయం దాని ఒంటితో పోలిస్తే చాలా చిన్నది, 8 నుంచి 15 లీటర్లు. చిన్నపేగు దాటాక సీకమ్ అని ఒక వైపు మూసుకుపోయిన సంచి వస్తుంది, దాదాపు 30 లీటర్లు. ఆ తర్వాత పెద్దపేగులో ఇంకో 80 లీటర్ల దాకా పడుతుంది. మన బడి పుస్తకాల్లో జీర్ణవ్యవస్థ అంటే మనిషి బొమ్మ ఒక్కటే వేస్తారు. అందులో సీకమ్ ఒక చిన్న మూల, దానికి వేలాడే అపెండిక్స్ గురించి "అవశేషావయవం" అని రాస్తే ఒక మార్కు. ఆ బొమ్మ పక్కన గుర్రం బొమ్మ కూడా వేస్తే, ఆ మూల ఇంకో జంతువులో ఎంత పెద్ద పని చేస్తుందో పిల్లలకు ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. పాఠాలు చెప్పిన రోజుల్లో నేను తప్పకుండా వేసేవాణ్ణి.

ఇక్కడ కొంచెం రసాయనశాస్త్రం తప్పదు. గడ్డిలోని సెల్యులోజ్ కూడా గ్లూకోజ్ గొలుసే, బియ్యంలోని పిండి కూడా గ్లూకోజ్ గొలుసే. తేడా అంతా లింకులో ఉంది. పిండిలో ఆల్ఫా లింకు, సెల్యులోజ్‌లో బీటా లింకు. ఆ బీటా లింకును తెంచే ఎంజైము గుర్రానికి లేదు, ఆవుకూ లేదు, మనకూ లేదు. సీకమ్‌లో, పెద్దపేగులో కాపురముండే బ్యాక్టీరియా, ప్రోటోజోవా, శిలీంధ్రాలకు ఉంది. అక్కడ ఆక్సిజన్ దాదాపు ఉండదు కాబట్టి అవి గ్లూకోజ్‌ను పూర్తిగా మండించలేవు. ఎసిటేట్, ప్రొపియొనేట్, బ్యూటిరేట్ అనే చిన్న ఆమ్లాల దగ్గరే ఆగిపోతాయి. ఆ ఆమ్లాలు పేగు గోడ గుండా గుర్రం రక్తంలోకి వెళ్తాయి, మిగతా మంట గుర్రం కణాల్లో జరుగుతుంది. సూక్ష్మజీవుల పని దగ్గర కొంత వేడి పుడుతుంది, గుర్రం కణాల దగ్గర ఇంకా వేడి పుడుతుంది. కండరం కదలకపోయినా, గుర్రం నిలబడి కునుకు తీస్తున్నా, తిన్న గడ్డి గంటల తరబడి రాజుకుంటూనే ఉంటుంది.

గింజలు అలా కాదు. వాటిలోని పిండి చిన్నపేగులోనే గ్లూకోజ్ అయిపోయి రక్తంలో కలుస్తుంది. అది ఎండు చితుకుల మంట, త్వరగా వచ్చి త్వరగా ఆరిపోతుంది. బలం వస్తుంది కానీ రాత్రంతా నిలిచే వెచ్చదనం రాదు. అందుకే చలి ముదిరే రాత్రి అక్కడివాళ్ళు గింజలు పెంచరు, గడ్డి పెంచుతారు. చలికాలపు బొచ్చు పూర్తిగా వచ్చిన ఆరోగ్యమైన గుర్రానికి సుమారు మైనస్ 8 డిగ్రీల దాకా మామూలు మేత సరిపోతుందని అంచనా. అంతకు దిగువన ఒక్కో డిగ్రీకి సుమారు 2 శాతం ఎక్కువ శక్తి కావాలి. మామూలుగా రోజుకు 9 కిలోల ఎండుగడ్డి తినే గుర్రానికి మైనస్ 20లో 11 కిలోలు కావాలన్నమాట. అమ్మాయి పొద్దున్నే మోసే ఆ రెండు కిలోల అదనపు గడ్డే ఆ గుర్రానికి దుప్పటి.

పొట్టుపొయ్యి సరిగ్గా అంటుకోవాలంటే పొట్టు సన్నగా ఉండాలి. పెద్ద చెక్కముక్కలు వేస్తే రాజుకోదు. గుర్రం పొట్టలోనూ అంతే, గడ్డి బాగా నలిగి చేరితేనే సూక్ష్మజీవులు దాన్ని పట్టుకోగలవు. గుర్రం పళ్ళు జీవితమంతా పైకి తోసుకొస్తూ, నములుతుంటే అరుగుతూ ఉంటాయి. అరుగుదల సమంగా లేకపోతే అంచులు కత్తుల్లా తయారై బుగ్గల్ని, నాలుకను కోస్తాయి. అప్పుడు గుర్రం నమలడం మానేసి, గడ్డిని ఉండలు చుట్టి కింద పడేస్తుంది. అందుకే చలికాలానికి ముందే పశువైద్యులు పెద్ద ఆకురాయితో పళ్ళ అంచులు అరగదీస్తారు. మనకు "గుడ్డిగుర్రానికి పళ్ళు తోమినట్టు" అని సామెత ఉంది, పనికిరాని పని అని. ఈ కేంద్రాల్లో నిజంగానే చూపు పోయిన ముసలి గుర్రాల పళ్ళు సరిచేస్తారు. ఆ పని చెయ్యకపోతే గడ్డి ముందున్నా ఆ గుర్రం ఫిబ్రవరి దాకా నిలవదు.

ఒక చోట మాత్రం ఈ పోలిక తలకిందులవుతుంది. పొట్టుపొయ్యి మీద నీళ్ళు పడితే ఆరిపోతుంది, గుర్రం పొయ్యి నీళ్ళు లేకపోతే ఆరిపోతుంది. వేసవిలో పచ్చిగడ్డిలో 60 నుంచి 80 శాతం నీరే. ఎండుగడ్డిలో 15 శాతం కూడా ఉండదు. అంటే సరిగ్గా తొట్టిలో నీళ్ళు గడ్డకట్టే కాలంలోనే గుర్రం ఎక్కువ తాగాలి. రోజుకు 40 లీటర్ల వరకూ కావాలి. మంచు తింటుందిలే అనుకుంటే చాలదు, అన్ని లీటర్లు మంచు తిని కరిగించుకోవడం దాని వల్ల కాదు. 1990లలో పెన్సిల్వేనియాలో పోనీల (చిన్నజాతి గుర్రాల) మీద చేసిన పరిశోధనలో, గడ్డకట్టే స్థితిలో ఉన్న నీళ్ళ కంటే గోరువెచ్చని నీళ్ళు పెట్టినప్పుడు అవి దాదాపు 40 శాతం ఎక్కువ తాగాయి. నీళ్ళు తగ్గితే పెద్దపేగులో మేత గట్టిపడి అడ్డుపడుతుంది, శూల (తీవ్రమైన కడుపునొప్పి) వస్తుంది. గుర్రం వాంతి చేసుకోలేదు, కాబట్టి అడ్డుపడినది వెనక్కి వచ్చే దారి లేదు. చలికాలంలో గుర్రాల్ని చంపేది చాలాసార్లు చలి కాదు, ఈ శూలే. తొట్టిలో ఐసు పగలగొట్టడం, వెచ్చని నీళ్ళు బకెట్లతో మోయడం చూడ్డానికి చిన్న పనుల్లా ఉంటాయి, అసలు వైద్యం అదే.

పొయ్యి వెలుగుతోందో లేదో తెలుసుకోవడానికి చెవి చాలు. గుర్రం కుడి డొక్క మీద చెవి ఆనించి ఒకటి రెండు నిమిషాలు ఓపిక పట్టాలి. చిన్నపేగు నుంచి సీకమ్‌లోకి సరుకు దిగేటప్పుడు, బిందెలో దూరం నుంచి నీళ్ళు గుమ్మరించినట్టు చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వినపడకపోతే ఎలా ఉంటుందో వాలంటీర్లకు తెలుసు. ఎంతసేపు విన్నా నిశ్శబ్దంగానే ఉంటే, వాళ్ళు డాక్టరుకు ఫోన్ చేస్తారు.

ఇక గుగ్గిళ్ళ సంగతి. మన దగ్గర గుర్రాలకు ఉలవలు ఉడకబెట్టి పెట్టడం పాత అలవాటే, పనిచేసే ఆరోగ్యమైన గుర్రానికి మంచి మేతే. కానీ కొత్తగా చేరిన, ఆకలితో ఎముకలు తేలిన గుర్రానికి మొదటి రోజే తట్టెడు గుగ్గిళ్ళు పెడితే అది చచ్చిపోవచ్చు. ఇది నమ్మడానికి చాలామందికి మనసొప్పదు. పస్తులున్న ఒళ్ళు కొవ్వు అయిపోయాక కండను కరిగించుకుంటుంది. కణాల్లో ఫాస్ఫేట్, మెగ్నీషియం, పొటాషియం నిల్వలు అడుగంటుతాయి. అప్పుడు ఒక్కసారిగా పిండి పదార్థం వచ్చి పడితే ఇన్సులిన్ ఎగబాకుతుంది. అది గ్లూకోజ్‌తో పాటు రక్తంలో మిగిలిన ఆ కాస్త లవణాల్ని కూడా కణాల్లోకి లాగేస్తుంది. కణం శక్తిని దాచుకునే ఏటీపీ అణువులో ఉండేది ఫాస్ఫేటే. అది లేక గుండె, ఊపిరి ఆడించే కండరాలు తడబడతాయి. తిండి మొదలుపెట్టిన మూడు నుంచి ఐదు రోజుల్లో, ఇక కోలుకుంటోంది అనుకుంటున్న వేళ, గుర్రం కూలిపోతుంది. మనుషుల్లో ఈ స్థితిని రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, ఖైదీల శిబిరాల నుంచి బయటపడినవాళ్ళలో వైద్యులు గుర్తించారు.

ఆరిపోయిన పొయ్యిని ఎలా అంటించాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌లో కరోలిన్ స్టల్, ఆమె సహచరులు చిక్కిపోయిన గుర్రాల మీద రకరకాల మేతలు పెట్టి చూశారు. ఓట్ గడ్డి లాంటి మిగతా మేతల కంటే ఆల్ఫాల్ఫా బాగా పనిచేసింది. మన రైతులు లూసర్న్ అనే మేత అదే. దానిలో పిండి తక్కువ, మాంసకృత్తులు ఎక్కువ, ఫాస్ఫరస్, మెగ్నీషియం కూడా ఎక్కువ. మొదటి మూడు రోజులు నాలుగు గంటలకోసారి అర కిలో కంటే కొంచెం తక్కువ, అంటే రోజుకు ఆరుసార్లు. తర్వాత పది రోజుల దాకా మెల్లమెల్లగా పెంచుతూ, పూటలు తగ్గించుకుంటూ పోవాలి. పూర్తిగా ఒళ్ళు చెయ్యడానికి నెలలు పడుతుంది.

నాలుగు గంటలకోసారి అంటే అర్ధరాత్రి 12కి, తెల్లవారుజామున 4కి కూడా. మైనస్ 20లో. జీతాలిచ్చి అంతమందిని పెట్టుకునే స్తోమత చాలా కేంద్రాలకు ఉండదు. వాలంటీర్లు లేకపోతే ఈ వైద్యమే లేదు. మందుల కంటే ముందు వంతులు వేసుకునే మనుషులు కావాలి. ఇందులో కష్టమైన పని చలికి నిలబడటం కూడా కాదని నా అభిప్రాయం. ఇంకో పిడికెడు పెట్టు అన్నట్టు చూసే గుర్రం ముందు, తూకం వేసిన గడ్డి పెట్టి వెనక్కి తిరిగి రావడమే కష్టం.

2008 జనవరిలో ఇంగ్లండ్‌లో అమర్‌షామ్ దగ్గర ఒక పొలం నుంచి వందకు పైగా గుర్రాల్ని, పోనీల్ని, గాడిదల్ని బయటికి తెచ్చారు. 30కి పైగా అప్పటికే చనిపోయి ఉన్నాయి. బతికినవాటిని రెడ్‌వింగ్స్, హార్స్ ట్రస్ట్ లాంటి సంస్థలు పంచుకున్నాయి. ఇంగ్లండ్ చలి మిన్నెసోటా అంత కాదు, కానీ అక్కడ వాన, బురద. బొచ్చు తడిసి అతుక్కుపోతే గాలి పొర పోతుంది. ఎముకలు తేలిన గుర్రానికి ప్లస్ 3 డిగ్రీల వాన, మైనస్ 10 డిగ్రీల పొడి చలి కంటే ప్రమాదం. అలాంటివాటికి పైకప్పు కావాలి, దుప్పటీ కావాలి. పొయ్యి సరిగ్గా వెలగనిదానికి, ముసలిదానికి, జబ్బుదానికి దుప్పటి వెయ్యాల్సిందే.

మిగతావాటికి దుప్పటి కావాలో వద్దో వాటినే అడిగి చూస్తే? నార్వేలో సిసిలీ మెయిడెల్, ఆమె సహచరులు నిజంగానే అడిగారు. 23 గుర్రాలకు మూడు గుర్తులు నేర్పారు. అడ్డగీత ముట్టుకుంటే దుప్పటి వేస్తారు, నిలువుగీత ముట్టుకుంటే తీసేస్తారు, ఖాళీ పలక ముట్టుకుంటే ఉన్నట్టే ఉంచుతారు. రోజుకు పది పదిహేను నిమిషాల చొప్పున నేర్పితే రెండు వారాల్లో అన్నీ నేర్చుకున్నాయి. వాన, చలిగాలి ఉన్న రోజు దుప్పటి వెయ్యమన్నాయి, ఎండ కాసిన రోజు తీసెయ్యమన్నాయి. 2016లో ఆ ఫలితాలు చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

మీ అమ్మాయికి ఒక మాట చెప్పండి. బొచ్చు దట్టంగా ఉన్నప్పుడు కంటిని నమ్మొద్దు. ఒత్తు బొచ్చు కింద ఎముకలు తేలిన ఒళ్ళు దాక్కుంటుంది. టెక్సస్‌లో డాన్ హెన్నెకి 1983లో ప్రచురించిన, ఒంటి పుష్టికి 1 నుంచి 9 మార్కులు వేసే కొలత అక్కడ వాడుతూనే ఉంటారు. దానికి చెయ్యి కావాలి. మెడ, మూపు, భుజం వెనక భాగం, పక్కటెముకలు, నడుము, తోక మొదలు, ఈ ఆరు చోట్లా వేళ్ళతో నొక్కి చూడాలి. కాళ్ళ దగ్గర కూడా ఒకసారి వంగి చూడమనండి. ఇనుప నాడా ఉన్న గిట్టలో మంచు ముద్దకట్టి ఐసు గడ్డ అవుతుంది, గుర్రం జారుతుంది. అందుకే చాలా కేంద్రాల్లో చలికాలానికి నాడాలు తీసేస్తారు. మన గుమ్మాలకు అదృష్టం తెస్తుందని కొట్టే నాడా, అక్కడ గుర్రానికి ఊడదీస్తేనే క్షేమం.

చివరికి బొచ్చు. అది చలిని చూసి పెరగదు, పగటి పొడవును చూసి పెరుగుతుంది. జూన్ దాటి పగళ్ళు తగ్గుతుంటే మెదడులోని పీనియల్ గ్రంథి రాత్రి పొడవును మెలటోనిన్ అనే హార్మోనుతో కొలుస్తుంది, ప్రొలాక్టిన్ అనే ఇంకో హార్మోను తగ్గుతుంది, ఆగస్టు ఎండల్లోనే కొత్త బొచ్చు మొలకెత్తడం మొదలవుతుంది. కొట్టంలో రాత్రిళ్ళు లైట్లు వెలుగుతూ ఉంటే ఆ లెక్క తప్పుతుంది. డిసెంబరు 21 తర్వాత లెక్క వెనక్కి తిరుగుతుంది. జనవరి చివరికో ఫిబ్రవరికో, బయట ఇంకా మోకాలి లోతు మంచు ఉండగానే, మీ అమ్మాయి బ్రష్‌లో గుప్పెడు వెంట్రుకలు వస్తాయి. కంగారు పడొద్దనండి, అది జబ్బు కాదు. గడ్డి మాత్రం తగ్గించొద్దనండి.