బోర్డు మంచిదే, కరెంటే చాల్లేదు: డ్రోన్లు, ఈఎస్‌పీ32ల మీద అపోహలు - వాస్తవాలు

ఎలక్ట్రానిక్స్ ప్రాజెక్టు మొరాయిస్తే ముందు నింద పడేది ఈఎస్‌పీ32 లాంటి, ప్రోగ్రాం రాసి నడిపే చిన్న వైఫై బోర్డు మీద. కొత్తది కొంటారు, అదీ అలాగే చేస్తుంది. విజయవాడ, గుంటూరు కాలేజీల పిల్లలు ఇలా డబ్బు పోగొట్టుకుంటుంటే బాధేస్తుంది. చాలాసార్లు లోపం బోర్డులో ఉండదు, దానికి అందే కరెంటులో ఉంటుంది. చేతిలో మల్టీమీటరు ఒకటుంటే కింది అపోహల్లో సగం అక్కడికక్కడే తేలిపోతాయి.

అపోహ: వైఫై ఆన్ కాగానే ఈఎస్‌పీ32 రీసెట్ అవుతోందంటే అది డూప్లికేట్ బోర్డే.

వాస్తవం: సీరియల్ మానిటర్‌లో (బోర్డు పంపే సందేశాలు కంప్యూటర్‌లో కనిపించే కిటికీ) ‘బ్రౌన్‌అవుట్ డిటెక్టర్ వాజ్ ట్రిగర్డ్’ అని పదేపదే వస్తుంటే బోర్డు తన పని సరిగ్గానే చేస్తోంది. వోల్టేజి పడిపోయిందని గమనించి, ఆగి మళ్లీ మొదలవుతోంది. వైఫైలో సిగ్నల్ పంపే క్షణంలో ఈ చిప్ సుమారు 240 మిల్లీయాంపులు లాగుతుంది. అందుకే కనీసం 500 మిల్లీయాంపులు ఇచ్చే సప్లై ఉండాలి. సన్నటి, పొడుగాటి యూఎస్‌బీ కేబుల్, వదులైన బ్రెడ్‌బోర్డు రంధ్రాలు ఆ క్షణంలోనే వోల్టేజిని తినేస్తాయి. ముందు కేబుల్ మార్చి చూడండి: పొట్టిది, లావుది. అప్పటికీ తగ్గకపోతే 5 వోల్టుల పిన్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 470 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను పిన్నుల పక్కనే పెట్టండి. దాని ఒంటి మీద గీత ఉన్న వైపు కాలు గ్రౌండ్‌కి వెళ్లాలి. తిరగేసి పెడితే ఉబ్బి పగులుతుంది.

సర్వో మోటారు (చెప్పిన కోణానికి తిరిగి నిలిచే చిన్న మోటారు) పెట్టాక రీసెట్లు మొదలైతే కారణం ఇంకా స్పష్టం. చిన్న నీలం సర్వో కూడా ఇరుక్కుపోయినప్పుడు అర యాంపు పైనే లాగుతుంది. దానికి 5 వోల్టులు, 2 యాంపుల సప్లై వేరుగా ఇవ్వండి. ఇక్కడే చాలామంది ఇంకో తప్పు చేస్తారు. సప్లైలు రెండయ్యాయి కదా అని గ్రౌండ్లు కూడా విడిగా వదిలేస్తారు. సిగ్నల్‌కి ఆధారం ఉండదు, సర్వో వణుకుతూ ఉంటుంది. గ్రౌండ్లు రెండూ కలపాల్సిందే.

అపోహ: 5 వోల్టుల సెన్సర్‌ని ఈఎస్‌పీ32కి నేరుగా కలిపినా ఏం కాదు, పనిచేస్తోందిగా.

వాస్తవం: ఇవాళ పనిచేస్తుంది. ఎన్నాళ్లు పనిచేస్తుందన్నది మాత్రం మీ చేతుల్లో ఉండదు. ఈ చిప్ పిన్నులు 3.3 వోల్టులవి, 3.6 దాటకూడదు. దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్‌ఆర్04ని 5 వోల్టులతో నడిపితే దాని ఎకో పిన్ 5 వోల్టులు వదులుతుంది. ఎకో నుంచి 1 కిలోఓమ్ రెసిస్టర్, అక్కడి నుంచి గ్రౌండ్‌కి 2 కిలోఓమ్‌లు పెట్టి, ఆ రెండూ కలిసేచోట నుంచి ఈఎస్‌పీ32కి తీగ తీసుకోండి. సరిగ్గా 3.3 వస్తుంది. 2 కిలోలది దొరక్కపోతే 1 కిలోవి రెండు వరసగా కలపండి, అంతే.

అపోహ: 18650 రకం గుండ్రటి లిథియం సెల్ మీద 9900 ఎంఏహెచ్ (ఎంత చార్జి పడుతుందో చెప్పే కొలత) అని అచ్చు వేశారు కాబట్టి అంత ఉంటుంది.

వాస్తవం: మంచి 18650 సెల్‌లో సాధారణంగా ఉండేది 2000 నుంచి 3500 దాకా. వంటింటి డిజిటల్ కాటా మీద పెట్టండి. అసలైనది 45 గ్రాముల చుట్టుపక్కల తూగుతుంది. బాగా తక్కువ తూగితే లోపల సరుకు లేదు.

అపోహ: డ్రోన్‌కి వాడే లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ఉబ్బిందంటే చవకరకం అంటగట్టారు.

వాస్తవం: ఖరీదైనవీ ఉబ్బుతాయి. లిపోకి ఫుల్ చార్జి ఒక భారం, వేడి ఇంకో భారం. మన ఊళ్లో మే నెలలో ఈ రెండూ కలుస్తాయి. ఆదివారం ఎగరేద్దామని గురువారమే ఫుల్ చేసి, ఎండలో నిలబెట్టిన బండి డిక్కీలో పెడతారు. లోపలి ద్రావణం విరిగి గ్యాస్ పుడుతుంది, కవరు దిండులా లేస్తుంది. ఎగరేసే రోజు పొద్దున్నే చార్జి చేసుకోండి. మిగతా రోజుల్లో సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర, అంటే మూడు సెల్స్ ప్యాక్ అయితే 11.4 దగ్గర ఉంచండి. చార్జర్‌లో స్టోరేజ్ మోడ్ ఉన్నది ఇందుకే. 2200 ఎంఏహెచ్ ప్యాక్‌కి చార్జింగ్ కరెంటు 2.2 యాంపులకు మించి పెట్టొద్దు. డ్రోన్ దించిన వెంటనే చార్జింగ్ వద్దు, చేతికి చల్లగా తగిలాక పెట్టండి.

మొత్తం వోల్టేజి ఒక్కటే చూసి సరిపెట్టుకోకండి. మీటరు 11.1 చూపిస్తుంది, బాగానే ఉందనిపిస్తుంది. బ్యాలెన్స్ లీడులో (ఒక్కో సెల్‌కీ విడిగా తీగ ఉండే చిన్న కనెక్టర్) విడివిడిగా చూస్తే 3.9, 3.9, 3.3 ఉండొచ్చు. ఆ మూడోది గాల్లో ముందే కూలిపోతుంది, దాంతో డ్రోన్ కూడా. ఏ సెల్ అయినా 3.5కి వచ్చిందంటే దించేయండి.

ఉబ్బినదాన్ని పిన్నుతో పొడవొద్దు. అది మంటే. ఆరుబయట ఇసుక మీద పెట్టి, 12 వోల్టుల బండి బల్బు కలిపి పూర్తిగా ఖాళీ అయ్యేదాకా వదిలేయండి. తర్వాత కొనలకు టేపు చుట్టి ఈ-వేస్ట్ సేకరించేవాళ్లకి ఇవ్వండి.

అపోహ: పూర్తిగా అయిపోయాకే చార్జి పెట్టాలి.

వాస్తవం: ఇది నికెల్ కాడ్మియం బ్యాటరీల నాటి మాట. లిథియంని అలా ఖాళీ చేస్తే పాడవుతుంది.

అపోహ: పెద్ద బ్యాటరీ వేస్తే అంతసేపూ ఎగురుతుంది.

వాస్తవం: రెట్టింపు బ్యాటరీ వేస్తే రెట్టింపు సమయం రాదు. పెరిగిన బరువు మోయడానికే చాలా భాగం పోతుంది. పైగా 20 డిగ్రీల గాలి కంటే 45 డిగ్రీల గాలి దాదాపు 8 శాతం పలచన. అంటే మోటార్లు ఇంకా గట్టిగా తిరగాలి, ఈఎస్‌సీలు (మోటార్ల వేగాన్ని నియంత్రించే సర్క్యూట్లు) ఇంకా కాగుతాయి.

బరువుతో ఇంకో చిక్కు కూడా ఉంది. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాముల దాకా నానో, అక్కడి నుంచి 2 కిలోల దాకా మైక్రో. బ్యాటరీ, ప్రొపెల్లర్లు, కెమెరా అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. 240 గ్రాముల డ్రోన్‌కి పెద్ద ప్యాక్ తగిలిస్తే తరగతే మారిపోతుంది. నానో అయితే ఎక్కడైనా ఎగరేయొచ్చన్నది కూడా అపోహే. నానోకీ, సరదాకి ఎగరేసే మైక్రోకీ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదన్నంత వరకే నిజం. రెడ్ జోన్ (అనుమతి లేకుండా ఎగరేయకూడని చోటు) అందరికీ రెడ్ జోనే. గన్నవరం ఎయిర్‌పోర్టు సరిహద్దు నుంచి 8-12 కిలోమీటర్ల మధ్య అనుమతి లేకుండా ఎగరేయగలిగేది 200 అడుగుల లోపే, అదీ గ్రీన్ జోన్ అయితేనే. 2024 అక్టోబరులో విజయవాడ పున్నమి ఘాట్ మీద 5,500 డ్రోన్లు లేచాయంటే అది ప్రభుత్వం ఏర్పాటు చేసిన ప్రదర్శన. అదే చోట మీది లేపాలంటే ముందు డిజిటల్ స్కై (డ్రోన్ల కోసం ప్రభుత్వం నడిపే వెబ్‌సైట్) మ్యాప్‌లో ఆ చోటు ఏ రంగులో ఉందో చూసుకోండి, ఆ తర్వాతే బ్యాటరీ తగిలించండి.