ఉలి పదును: గ్రైండర్, బెల్ట్ సాండర్ చుట్టూ ఉన్న అపోహలు – వాస్తవాలు

గ్రైండర్ వేడికి అంచు నీలంగా మారిన ఉలిని గుడ్డలో చుట్టి తెచ్చి, గ్రైండర్ అమ్మేసి బెల్ట్ సాండర్ (గరుకు పట్టీ తిరిగే యంత్రం) కొనమంటారా అని అడిగేవారు మా వడ్రంగి వర్క్‌షాపుకు తరచుగా వస్తుంటారు. ఉలి పాడైందన్న వారి దిగులు నాకు అర్థమవుతుంది కానీ, వారు విని వచ్చిన మాటలు వింటే మాత్రం చిరాకు కలుగుతుంది.

అపోహ: నీలం రంగు వచ్చినా వెంటనే నీళ్లలో ముంచితే ఉక్కు మళ్లీ గట్టిపడుతుంది.

వాస్తవం: గట్టిపడదు. కార్బన్ ఉక్కు ఉలిని తయారీలో సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర టెంపర్ చేస్తారు, అంటే గట్టిపరిచాక పెళుసుదనం తగ్గేలా మళ్లీ కొద్దిగా వేడి చేస్తారు. నీలం కనిపించిందంటే వేడి 300 డిగ్రీల దాకా వెళ్లిందనీ, అక్కడి ఉక్కు మెత్తబడిందనీ అర్థం. దాన్ని తిరిగి గట్టిపరచాలంటే దాదాపు 780 డిగ్రీలకు ఎర్రగా కాల్చి, ముంచి, మళ్లీ టెంపర్ చేయాలి తప్ప, గ్రైండర్ పక్కనున్న నీళ్ల డబ్బా వల్ల అయ్యే పని కాదు. పని నేర్చుకునే రోజుల్లో నేనూ ఆ నీలాన్ని ఎమరీ కాగితంతో రుద్దేసి, టేకు గుమ్మానికి కన్నం తొలుస్తుంటే అంచు మడత పడిందని ఉలి చేసినవాడిని తిట్టుకున్నాను. పెద్ద మేస్త్రీ ఏమీ అనకుండా ఆ అంచు మీద ఆకురాయి ఆనించి తోశాడు. గట్టి ఉక్కు మీద జారిపోవలసిన ఆకురాయి అక్కడ కొరికింది. మెత్తబడిన మేరకు, సాధారణంగా రెండు మూడు మిల్లీమీటర్లు, చల్లగా అరగదీస్తే ఉలి మళ్లీ పనికొస్తుంది కనుక దాన్ని పారేయనక్కరలేదు. హైస్పీడ్ స్టీలు (వేడిని తట్టుకునే మిశ్రమ ఉక్కు) 500 డిగ్రీలు దాటినా గట్టిదనం నిలుపుకుంటుంది కాబట్టి దాని లెక్క వేరు.

అపోహ: బెల్ట్ ఉక్కును కాల్చదు.

వాస్తవం: అరిగిన బెల్ట్ అయినా, నున్నబడిన గ్రైండర్ రాయి అయినా కోయడం మాని రాపిడి మాత్రమే చేస్తుంది, ఆ రాపిడే వేడి. నిమిషానికి 2850 చుట్లు తిరిగే 150 మిల్లీమీటర్ల రాయి అంచు సెకనుకు 22 మీటర్ల వేగంతో పోతుంది. 1440 చుట్లు తిరిగే 200 మిల్లీమీటర్ల రాయి 15 మీటర్లే పోతుంది, కాబట్టి వేడి తక్కువ. ఉలులకు, చిత్రిక బ్లేడ్లకు ఆ రెండోదే కొనండి. స్తోమత లేకపోతే మామూలు గ్రైండర్‌కే తెల్ల అల్యూమినియం ఆక్సైడ్ రాయి బిగించి, డైమండ్ డ్రెస్సర్‌తో (రాయి ముఖాన్ని గీకే వజ్రపు పనిముట్టు) తరచూ గరుకు చేసుకుంటే సరిపోతుంది. బాడిశ, గొడ్డలి వంటి ఉబ్బెత్తు అంచులకు మాత్రం బెల్టే హాయి.

అపోహ: గుండ్రని రాయి ఉలి వాలును (అంచు దగ్గరి ఏటవాలు ముఖాన్ని) గుంట చేసి అంచును బలహీనపరుస్తుంది.

వాస్తవం: నాలుగు మిల్లీమీటర్ల మందమున్న ఉలికి 25 డిగ్రీల వాలు పెడితే, 150 మిల్లీమీటర్ల రాయి చేసే గుంట లోతు 0.15 మిల్లీమీటర్లే, దానికి అంచు బలహీనపడదు.

అపోహ: కర్రకు వాడే సాండర్ మీదే ఇనుమూ పట్టవచ్చు.

వాస్తవం: పట్టవచ్చు, కానీ ముందుగా దుమ్ము సంచి విప్పి, లోపలి రంపపు పొట్టంతా ఊడ్చాలి, పొట్టులో పడ్డ నిప్పురవ్వ పొగైనా కనిపించకుండా రాజుకుని, షాపు మూసి వెళ్లాక అంటుకోవచ్చు.