ఫైటర్ చేపకు పొరుగువారు

మా అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉండే ఎనిమిదో తరగతి అమ్మాయి మొన్న నన్ను ఆపి, "అంకుల్, మా ఫైటర్ పాపం ఒక్కటే ఉంటోంది, తోడుగా ఏ చేపను వేయమంటారు?" అని అడిగింది. దుకాణదారు రెండు గప్పీలను, ఒక గౌరామిని తీసుకోమన్నాడట. అవన్నీ శాంతమైన చేపలేనట. శాంతం సంగతి అటుంచితే, ఆ చిన్న తొట్టిలో ఈ మూడింటికీ ఫైటర్‌తో పేచీ తప్పదని చెప్పాను. ఆ పేచీకి మూలం చేపల స్వభావంలో కంటే నీటి పైపొరలో ఎక్కువగా ఉంది.

మనం ఫైటర్ అని పిలిచే చేప శాస్త్రీయ నామం బెట్టా స్ప్లెండెన్స్. 1910లో రీగన్ అనే శాస్త్రజ్ఞుడు ఆ పేరు పెట్టాడు. దీని సొంత ఊరు థాయిలాండ్‌లోని వరి మళ్లు, లోతులేని కుంటలు. ఆకులు కుళ్లి, ఎండకు వేడెక్కి, కదలకుండా నిలిచిన ఆ నీళ్లలో ఆక్సిజన్ అంతంత మాత్రమే. అందుకే ఈ చేపకు మొప్పలతో పాటు వాటిపైన ఒక గదిలో లాబిరింత్ అనే అవయవం ఏర్పడింది. మొప్పను మోసే ఎముక పలుచని రేకులుగా విస్తరించి, మడతలు పడి, వాటిపై రక్తనాళాలు నిండిన చర్మం పరుచుకుని ఉంటుంది. చేప పైకి వచ్చి నోటితో గుక్కెడు గాలి అందుకుంటే, ఆ గాలి ఈ మడతల మధ్య చేరి రక్తానికి ఆక్సిజన్ అందిస్తుంది. ఈ అవయవం పుట్టుకతో ఉండదు. పిల్ల కొన్ని వారాలు పెరిగాక గానీ సిద్ధం కాదు.

ఈ ఏర్పాటు ఎంత లాభసాటిదో చిన్న లెక్కతో తెలుస్తుంది. 28 డిగ్రీల వేడి ఉన్న లీటరు నీటిలో, ఎంత గాలి ఊదినా, ఇమిడే ఆక్సిజన్ ఏడెనిమిది మిల్లీగ్రాములు. లీటరు గాలిలో ఉండేది 250 మిల్లీగ్రాముల పైమాటే. నీటిలో ముప్ఫై గుక్కలకు దొరికేది గాలిలో ఒక్క గుక్కకే దొరుకుతుంది. చేపల మార్కెట్‌లో బేసిన్ అడుగున కాసిని నీళ్లలో గంటల తరబడి బతికే కొరమీను బతుకు రహస్యం కూడా ఇదే. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొరమీను మన ఫైటర్‌కు దూరపు చుట్టం; దానికీ మొప్పల పైన గాలి గది ఉంది. మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఉబ్బసం మందుగా మింగించేది ఈ కొరమీను పిల్లనే. ఆ మందుతో ఉబ్బసం నయమవుతుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు కానీ, ఊపిరి అందని మనిషి చేత గాలి పీల్చే చేపను మింగించడంలోని చమత్కారం నన్ను ఏటా ఆకర్షిస్తూనే ఉంటుంది. బడిలో మాత్రం "చేపలు మొప్పలతో శ్వాసిస్తాయి" అన్న ఒక్క వాక్యంతో పాఠం ముగుస్తుంది. కొన్ని చేపలు గాలి కూడా పీలుస్తాయని చిన్నప్పుడు పరీక్షలో రాసి నేను అర మార్కు పోగొట్టుకున్నాను.

ఇక అసలు విషయానికి వస్తాను. మగ ఫైటర్‌కు నీటి పైపొర గాలి తీసుకునే చోటు మాత్రమే కాదు. నోటి జిగురుతో గాలి బుడగలను కూర్చి గూడు కట్టేది అక్కడే, గుడ్లను నోటితో ఏరి దాచేది అక్కడే, దోమ పిల్లల కోసం కాచుకునేది కూడా చాలావరకు అక్కడే. ఉమ్మడి వాటాల ఇంట్లో ఒకే కుళాయి ఉంటే బిందెల దగ్గర ఏం జరుగుతుందో మనకు తెలుసు. గౌరామికీ లాబిరింత్ ఉంది, అదీ మాటిమాటికీ ఆ కుళాయి దగ్గరికే వస్తుంది, అదీ బుడగల గూడే కడుతుంది. గప్పీ కూడా ఎక్కువగా పై భాగంలోనే తిరుగుతుంది. పైగా మగ గప్పీ రంగుల తోక ఫైటర్ కంటికి మరో మగ ఫైటర్‌ను తలపించవచ్చు.

ఎదిరిని చూడగానే ఫైటర్ మొప్పలను కప్పే రేకులను విసనకర్రలా విప్పి నిలబడటం అందరూ చూసిందే. కానీ అందులో ఒక కష్టం దాగి ఉంది. మొప్పల మీదుగా నీళ్లు పారాలంటే ఆ రేకులు మూస్తూ తెరుస్తూ పంపులా పనిచేయాలి. విప్పి బిగపట్టినంతసేపూ ఆ పంపు సరిగా ఆడదు. అంటే అది బెదిరింపు మాత్రమే కాదు, ఊపిరి బిగపట్టే పందెం కూడా. పందెం మధ్యలో గాలి కోసం పైకి పోవాలి; అక్కడ గౌరామి ఎదురైతే పందెం మళ్లీ మొదలవుతుంది. దుకాణాల్లో ఫైటర్లను ఉంచిన ప్లాస్టిక్ గ్లాసుల మధ్య అట్టముక్కలు నిలబెట్టేది ఇందుకే. అట్ట పక్కకు ఒరిగిన చోట రెండు చేపలు గ్లాసు గోడకు ముక్కు ఆనించి, ఎర్రటి గడ్డం లాంటి పొరను దించి, అలసిపోయేదాకా నిలబడి ఉండటం నేను చూశాను.

కాబట్టి పొరుగుచేపకు రెండు లక్షణాలు కావాలి: అది ఫైటర్‌లా కనిపించకూడదు, పైపొర మీద ఆధారపడి బతకకూడదు. తోకలు కొరికే టైగర్ బార్బ్‌ల జోలికి పోకపోవడం మంచిది. బరువైన తోకతో మెల్లగా ఈదే ఫైటర్ వాటినుంచి తప్పించుకోలేదు. అడుగునా మధ్య నీటిలోనూ తిరిగే పిగ్మీ కోరిడోరాస్ నయం, అయితే అవి కనీసం ఆరు కలిసి ఉండాలి. అవి కూడా అప్పుడప్పుడూ బాణంలా పైకి దూసుకువచ్చి గాలి మింగుతాయి, దాన్ని పేగుతో పీల్చుకుంటాయి. కానీ రెప్పపాటులో కిందికి దిగిపోతాయి గనుక తగవుకు వ్యవధి ఉండదు. మధ్య నీటిలో గుంపుగా తిరిగే ఎంబర్ టెట్రాలు కూడా పరవాలేదు. ఇవన్నీ 40 లీటర్లకు తగ్గని తొట్టికే. 20 లీటర్లయితే నెరైట్ నత్త ఒకటి రెండు చాలు. చెర్రీ రొయ్యలు వేయవచ్చు గానీ కొన్ని ఆహారమైపోతాయి. గాజు శుభ్రం చేస్తుందని అంటగట్టే సక్కర్ చేప పన్నెండు అంగుళాలకు మించి పొడవు పెరుగుతుంది. దాన్ని చిన్న తొట్టిలో వేయడం అన్యాయం.

లీటర్ల కంటే ఆకారం ముఖ్యం. 30 సెం.మీ. పొడవు, 20 వెడల్పు, 50 ఎత్తు ఉన్న తొట్టి, 60 పొడవు, 25 వెడల్పు, 20 ఎత్తు ఉన్న తొట్టి, రెండూ 30 లీటర్లవే. మొదటిదాని పైపొర 600 చదరపు సెంటీమీటర్లు, రెండోదానిది 1,500. పైకి వెళ్లే దారి కూడా రెండోదానిలోనే దగ్గర. మూతకూ నీటికీ మధ్య మూడు నాలుగు సెంటీమీటర్ల ఖాళీ, మూతకు గాలి రంధ్రాలు ఉండాలి. హైదరాబాదులో జనవరి రాత్రుల్లో చిన్న హీటరు కూడా అవసరమే. కొత్త తొట్టిలో వారానికే చేప చనిపోతే ఇంటి దిష్టి తీసుకుపోయిందంటారు. ఎక్కువసార్లు చేపను తీసుకుపోయేది దాని వ్యర్థాల నుంచి నీటిలో పేరుకున్న అమ్మోనియా.

ఆ అమ్మాయి చివరికి ఒక నెరైట్ నత్తను తెచ్చింది. ఫైటర్‌ను కాసేపు గిన్నెలోకి తీసి, మొక్కల చోట్లు మార్చి, ముందు నత్తను దించి, తర్వాత ఫైటర్‌ను వదలమన్నాను. ఎరిగిన ఇల్లు కాస్త కొత్తగా కనిపిస్తే సొంతదారు అనే ధీమా తగ్గుతుంది. నిన్న సాయంత్రం వెళ్లి చూస్తే నత్త నీటి అంచుకు ఒక అంగుళం కింద గాజును పట్టుకుని ఉంది. ఫైటర్ వచ్చి, దానికి ఎదురుగా ఆగి, ఒక మొప్ప రేకును సగం విప్పి, మళ్లీ ముడిచి, పైకి వెళ్లి గుక్కెడు గాలి తీసుకుని మొక్కల వెనక్కి వెళ్లిపోయింది.