పేగుల స్కానింగ్: అపోహలు - వాస్తవాలు

క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ (పేగుల్లో దీర్ఘకాలం వాపు, పుండ్లు ఉండే జబ్బులు) ఉన్నవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు మా రేడియాలజీ (స్కానింగ్) విభాగంలో తరచూ అనే మాటలివి.

అపోహ: కొలనోస్కోపీ (మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి చేసే పరీక్ష) అయింది కదా, ఇంకా ఎంఆర్ఐ దండగ.

వాస్తవం: కొలనోస్కోపీ పెద్దపేగు చూసి, చిన్నపేగు చివర కాస్త మేరకే వెళ్తుంది. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగు జబ్బు కాబట్టి దానికి చాలావరకు అది చాలు. క్రోన్స్ నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు. పేగు గోడ దాటి చీముగడ్డలు, ఫిస్టులాలు (పేగు నుంచి పక్క భాగాలకు పడే అసహజ దారులు) కూడా చేస్తుంది. అవి స్కాన్‌లోనే తెలుస్తాయి. అలాగని కొలనోస్కోపీ ఎగ్గొట్టకండి. పేగు లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు (బయాప్సీకి) పంపేది అక్కడే. పేగు లోపలి పొరలో చిన్న పుండ్లుంటే సీటీ నార్మల్‌గానే రావచ్చు.

అపోహ: తాగమన్న నీళ్లు సగం తాగినా పర్లేదు.

వాస్తవం: మాకు అసలు పేచీ ఇక్కడే. ఎంఆర్ ఎంటెరోగ్రఫీకి (చిన్నపేగు కోసం చేసే ఎంఆర్ఐకి) ముందు లీటరు నుంచి లీటరున్నర మానిటాల్ (పేగు పీల్చుకోని ఒక రకం చక్కెర) నీళ్లు, ముప్పావు గంట నుంచి గంట వ్యవధిలో తాగాలి. తియ్యగా, వెగటుగా ఉంటాయి. రెండు గ్లాసులు కాగానే "ఇక నావల్ల కాదు సార్" అని సీసా పక్కన పెట్టేస్తారు. మామూలు నీళ్లయితే పేగు పీల్చేసుకుంటుంది, మానిటాల్ కలిపినవి లోపలే నిలిచి పేగును విప్పారేలా చేస్తాయి. అలా విప్పారిన మంచి పేగు గోడ 3 మిల్లీమీటర్లు దాటదు. ముడుచుకున్న పేగు జబ్బు లేకపోయినా మందంగా కనిపిస్తుంది. అప్పుడు రిపోర్టులో "వాపు కావచ్చు" అని రాయక తప్పదు, ఇంటిల్లిపాదికీ టెన్షన్. తాగాక విరేచనాలవుతాయి, వెంటనే బస్సెక్కే పని పెట్టుకోకండి. వాంతులు, కడుపు బిగుసుకుపోవడం ఉంటే మాత్రం తాగకముందే చెప్పండి.

అపోహ: ఎంఆర్ఐలోనూ రేడియేషన్ ఉంటుంది.

వాస్తవం: ఉండదు. సీటీలోనే ఉంటుంది. అందుకే కుర్రవాళ్లకు పదేపదే సీటీ వద్దంటాం. పేగుకు చిల్లు పడిందన్న అనుమానంతో అర్ధరాత్రి వస్తే మాత్రం సీటీయే.

అపోహ: అల్ట్రాసౌండ్‌లో గ్యాస్ తప్ప ఏమీ కనపడదు.

వాస్తవం: చెయ్యి తిరిగిన డాక్టరు చేస్తే గోడ మందం, డాప్లర్‌లో (రక్తం కదలికను చూపే అల్ట్రాసౌండ్ పద్ధతిలో) రక్తప్రసరణ తెలుస్తాయి. మందు పనిచేస్తోందో లేదో చూడ్డానికి నేనైతే దీన్నే ముందు అడుగుతాను. కటి లోతున ఉన్న రెక్టమ్ (పెద్దపేగు చివరి భాగం) మాత్రం సరిగా దొరకదు.

అపోహ: "ఇలియోసీకల్ భాగంలో (చిన్నపేగు పెద్దపేగుతో కలిసే చోట) మందం" అంటే క్రోన్సే.

వాస్తవం: మన దగ్గర ముందు టీబీని గుర్తు చేసుకోవాలి. టైఫాయిడ్‌లోనూ అలాగే కనిపిస్తుంది. లింఫ్ గ్రంథుల మధ్యభాగం కుళ్లినట్టుంటే టీబీ వైపు మొగ్గుతాం. పేగు పొడవునా వాచి, పక్కన రక్తనాళాలు దువ్వెన పళ్లలా నిలబడితే క్రోన్స్ వైపు. చాలాసార్లు స్కాన్ ఒక్కదానితో తేలదు, ముక్క పరీక్ష కావాల్సిందే. టీబీని క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లు ఇస్తే టీబీ విజృంభిస్తుంది.

అపోహ: నొప్పి తగ్గింది, ఇక స్కాన్ ఎందుకు?

వాస్తవం: క్రోన్స్‌లో నొప్పికీ వాపుకీ చాలాసార్లు పొంతన ఉండదు. హాయిగా తిరుగుతున్నా లోపల పేగు దారి ఇరుకవుతూ ఉండొచ్చు. మళ్లీ స్కాన్‌కి వచ్చేటప్పుడు పాత రిపోర్టు కాగితం ఒక్కటే తేకండి, సీడీ కూడా తెండి. పోయినసారికీ ఇప్పటికీ తేడా బొమ్మలు పక్కపక్కన పెట్టి చూస్తేనే చెప్పగలం.