మనసు రావాలి కదా! బౌద్ధ కరుణ గురించి అపోహలు, వాస్తవాలు

మంచాన పడ్డవాళ్ల పక్కన కూర్చోవడం నా పని. జీతం లేదు. దిండు సర్దడం, గొంతులో కాసిన్ని నీళ్లు పోయడం, నిన్న చెప్పిన కథే ఇవాళ మళ్లీ చెబుతుంటే మొదటిసారి విన్నట్టు వినడం... ఇంతే. కొత్తగా చేరేవాళ్లకు మైత్రీ భావన, అంటే అందరి మేలూ కోరుతూ చేసే ధ్యానం, నేర్పించే బాధ్యత కూడా నాదే. బుద్ధుడి పేరు వినగానే వాళ్ల ముఖాల్లోకి ఒక ప్రశాంతమైన నవ్వు వస్తుంది. పక్క దుప్పటి మార్చాల్సి వచ్చేసరికి ఆ నవ్వు పోతుంది. అసలు పాఠం అక్కడే మొదలవుతుంది. వాళ్లు నమ్మేవాటిలో సగం ఒకప్పుడు నేనూ నమ్మినవే.

అపోహ: ఎదుటివాళ్ల బాధ చూసి కళ్లు చెమర్చకపోతే కరుణ లేనట్టే.

వాస్తవం: మొదట్లో ఒక పెద్దావిడ చెయ్యి పట్టుకుని నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఆవిడ తన నొప్పి పక్కనపెట్టి "ఊరుకో తల్లీ, ఊరుకో" అంటూ నా వీపు నిమిరింది. ఎవరు ఎవరికి సాయం చేయడానికి వెళ్లినట్టు? నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

క్రీ.శ. 5వ శతాబ్దంలో శ్రీలంకలో బుద్ధఘోషుడనే బౌద్ధ పండితుడు రాసిన విశుద్ధిమార్గం అనే గ్రంథంలో దీనికి చక్కటి లెక్క ఉంది. మైత్రి, కరుణ, ముదిత (ఎదుటివాళ్ల సంతోషానికి సంతోషించడం), ఉపేక్ష (తొణకని సమభావం) అనే నాలుగు మనోభావాలకూ ఒక్కో దూరపు శత్రువు, ఒక్కో దగ్గరి శత్రువు ఉంటాయంటాడు. కరుణకు దూరపు శత్రువు క్రూరత్వం. దాన్ని ఎవరైనా పోల్చుకుంటారు. దగ్గరి శత్రువు మాత్రం దుఃఖం. అది కరుణలాగే కనిపిస్తుంది కాబట్టి ఇంట్లోకి రానిస్తాం. మైత్రికైతే దగ్గరి శత్రువు రాగం, అంటే మమకారం.

ఈ కాలంలో మెదడు శాస్త్రవేత్త తానియా సింగర్ బృందం మెదడు స్కానింగుల సాయంతో ఇదే తేడాను పరిశీలించింది. ఎదుటివారి బాధను తమ బాధగా అనుభవించడంలో శిక్షణ పొందినవారిలో ప్రతికూల భావాలు పెరిగాయి. తర్వాత వాళ్లకే కరుణలో శిక్షణ ఇస్తే అవి తగ్గి, అనుకూల భావాలు పెరిగాయి. మెదడులో పనిచేసిన భాగాలూ వేరు. అందుకే నేను కొత్తవాళ్లకు చెబుతాను: ఏడుపొస్తే తప్పు లేదు, బయటికెళ్లి ఏడ్చి రండి. లోపలికి వచ్చాక మాత్రం మంచం మీదున్నవాళ్లకు ఏం కావాలో చూడండి.

అపోహ: బౌద్ధంలో ధ్యానమే ముఖ్యం, సేవ దాని తర్వాతే.

వాస్తవం: భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకంలో, మహావగ్గ అనే భాగంలో ఒక సంఘటన ఉంది. బుద్ధుడు, ఆయన శిష్యుడు ఆనందుడు భిక్షువుల వసతులు చూస్తూ వెళుతుంటే, విరేచనాలతో నీరసించిన ఒక భిక్షువు తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. నిన్ను చూసుకునేవాళ్లు లేరా అని అడిగితే లేరన్నాడు. ఎందుకని? "నా వల్ల ఎవరికీ ఉపయోగం లేదు, అందుకే ఎవరూ చూడరు" అన్నాడు. ఆ జవాబు ఎన్ని మంచాల దగ్గర విన్నానో.

బుద్ధుడు ఆనందుణ్ణి నీళ్లు తెమ్మన్నాడు. తాను నీళ్లు పోస్తుంటే ఆనందుడు ఆ భిక్షువు ఒళ్లు కడిగాడు. తల వైపు బుద్ధుడు, కాళ్ల వైపు ఆనందుడు పట్టుకుని మంచం మీద పడుకోబెట్టారు. తర్వాత మిగతా భిక్షువులను పిలిపించి, మీకు చూసుకోవడానికి ఇక్కడ తల్లీ లేదు, తండ్రీ లేడు, ఒకరినొకరు చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారని అడిగాడు. నాకు సేవ చేయాలనుకునేవారు రోగికి చేయండన్నాడు.

చాలామంది ఇక్కడితో ఆపేసి చేతులు జోడిస్తారు. నాకు ఆ తర్వాతి భాగమే ఎక్కువ ఇష్టం. మంచి సేవకుడికి ఉండాల్సిన లక్షణాలు ఐదు చెబుతాడు: మందు సిద్ధం చేయడం తెలియాలి, ఏది పడుతుందో ఏది పడదో తెలిసి పడేదే ఇవ్వాలి, లాభం కోసం కాక మైత్రితో చేయాలి, మలమూత్రాలకూ వాంతికీ కఫానికీ అసహ్యపడకూడదు, అప్పుడప్పుడూ మంచి మాటలతో రోగికి ఉత్సాహం కలిగించాలి. సేవ చేయించుకోవడం కష్టమైన రోగి ఎలా ఉంటాడో కూడా చెప్పాడు! మందు వేసుకోడు, ఉన్న బాధ ఉన్నట్టు చెప్పడు. మా శిక్షణ తరగతిలో ఈ వరుస చదివినప్పుడల్లా నవ్వులే నవ్వులు.

అపోహ: అపాత్రదానం చేయకూడదు.

వాస్తవం: ఇది అడగనివాళ్లు లేరు. బుద్ధుడి కాలంలోనూ ఇదే గొడవ. "దానం నాకే ఇవ్వండి, నా శిష్యులకే ఇవ్వండి" అని ఆయన అంటాడని ప్రచారం జరిగింది. వచ్ఛగోత్తుడనే పరివ్రాజకుడు, అంటే దేశదిమ్మరి సన్యాసి, నేరుగా వచ్చి అడిగేశాడు. తాను అలా అనలేదన్నాడు బుద్ధుడు. ఇచ్చే చేతికి అడ్డుపడినవాడు ఇచ్చేవారి పుణ్యానికి, పుచ్చుకునేవారి లాభానికి అడ్డు తగులుతాడు. అంతకంటే ముందు తనను తాను పాడుచేసుకుంటాడు. గిన్నె కడిగిన నీళ్లు "ఇందులోని జీవులు బతకనీ" అనుకుంటూ గుంటలో పారబోసినా పుణ్యమేనన్నాడు. శీలవంతులకు ఇస్తే ఫలం ఎక్కువన్న మాటా అదే చోట ఉంది, దాచడమెందుకు. కానీ ఎక్కువ ఫలం ఎక్కడుందో వెతుక్కుంటూ ఎదురుగా ఉన్నవాణ్ణి దాటిపోమని మాత్రం లేదు.

దానమంటే డబ్బేననే అపోహ కూడా ఆ గిన్నె నీళ్లతోనే కొట్టుకుపోతుంది.

అపోహ: కరుణ ఉన్నవాళ్లు "కాదు" అనకూడదు.

వాస్తవం: "తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం" అని మనవాళ్లు ఊరికే అనలేదు. సత్పురుషుడు ఇచ్చే తీరును బుద్ధుడి ఉపదేశాల సంకలనమైన అంగుత్తర నికాయం ఐదు మాటల్లో చెబుతుంది: శ్రద్ధతో, గౌరవంగా, సమయానికి, చేయి ముడుచుకోకుండా, తనకూ ఇతరులకూ హాని కలగకుండా. ఆ చివరి మాటను జనం ఎందుకో మర్చిపోతారు. బుద్ధఘోషుడు మైత్రీ భావనను మొదలుపెట్టమన్నదీ తనతోనే. నాకు సుఖం ఎలా కావాలో అందరికీ అలాగే కావాలని తెలియడానికి అది సాక్ష్యం. మా దగ్గర వారానికి ఒక పూట చాలంటే వినకుండా రోజూ వచ్చినవాళ్లు రెండు నెలల్లో కనిపించకుండా పోయారు. వారానికి ఒక్క పూటే వచ్చేవాళ్లు ఏళ్లుగా వస్తున్నారు.

అపోహ: ఇచ్చాక సంతోషపడితే అది అహంకారం.

వాస్తవం: ఇవ్వబోయే ముందు సంతోషం, ఇస్తున్నప్పుడు ప్రసన్నత, ఇచ్చాక తృప్తి. ఈ మూడూ దాత అంగాలని అదే నికాయం చెబుతోంది. హాయిగా సంతోషపడండి.

అపోహ: ఎప్పుడూ తియ్యగానే మాట్లాడాలి.

వాస్తవం: అభయ రాజకుమారుడు ఇదే విషయంలో బుద్ధుణ్ణి ఇరుకున పెట్టాలని చూశాడు. అప్పుడు అతని ఒడిలో పసివాడున్నాడు. ఈ బిడ్డ పుల్లో రాయో నోట్లో పెట్టుకుంటే ఏం చేస్తావని బుద్ధుడు అడిగాడు. రక్తం వచ్చినా సరే తీసేస్తాను, బిడ్డ మీద దయ ఉంది కనుక, అన్నాడు రాజకుమారుడు. నిజమై, మేలు చేసేదై ఉండి, చేదుగా ఉండే మాటకు సమయం చూసుకోవాలన్నది బుద్ధుడి జవాబు. "మందు మానేస్తే పరవాలేదులెండి" అని నవ్వుతూ వచ్చేయడం ఆ లెక్కలోకి రాదు.

అపోహ: ముందు మనసులో ప్రేమ పుట్టాలి, సాయం ఆ తర్వాత.

వాస్తవం: "మనసు రావడం లేదండీ" అనేవాళ్లకు నేను చెప్పే కథ ఒకటుంది. పగవాడి మీద మైత్రి కలగకపోతే ఏం చేయాలో బుద్ధఘోషుడు చాలా ఉపాయాలు చెప్పుకొస్తాడు. క్షమ గురించి ఆలోచించు, అతనిలోని మంచి తలుచుకో, ఇలా. ఏదీ పనిచేయకపోతే చివరి ఉపాయం: అతనికి ఏదైనా ఇవ్వు. చిత్తలపబ్బత విహారంలో ఒక భిక్షువును ఒక పెద్ద భిక్షువు మూడుసార్లు వసతి నుంచి లేపి పంపేశాడట. చివరికి ఈయన తన భిక్షాపాత్ర తీసుకెళ్లి ఆయనకే ఇచ్చాడు. అది తల్లి ఇచ్చిన పాత్ర, ఎనిమిది కహాపణాల (ఆనాటి నాణేలు) ఖరీదు.

మా బృందంలో ఒకాయనతో నాకు నెలల తరబడి పడలేదు. ధ్యానంలో ఆయన ముఖం తలుచుకోగానే పళ్లు బిగుసుకునేవి. ఆయన వంతుకు ముందు వంతు నాది. వెళ్లిపోయే ముందు ఆయన కోసం నీళ్ల జగ్గులన్నీ నింపి, ఏ రోగి రాత్రి ఎలా నిద్రపోయారో కాగితం మీద రాసి పెట్టడం మొదలుపెట్టాను. ప్రేమతో కాదు, గొణుక్కుంటూనే. ఆయన ఇప్పటికీ నాతో ముక్తసరిగానే మాట్లాడతారు. ఆ మధ్య ఒకరోజు ఆయన రావడం ఆలస్యమైతే, దారిలో ఏమైనా జరిగిందేమోనని నేను రెండుసార్లు తలుపు దాకా వెళ్లి చూసొచ్చాను.