స్టార్లింగ్‌కు కొలత, పిచ్చుకకు కాపలా

రాకీ పర్వతాలకు తూర్పున ఉన్న అమెరికా, కెనడాల్లో పర్పుల్ మార్టిన్ అనే పక్షి చెట్టు తొర్రల్లో గూడు పెట్టడం దాదాపు మానేసింది. మనుషులు స్తంభాల మీద నిలబెట్టిన అరల పెట్టెల్లోనో, వేలాడదీసిన సొరబుర్రల్లోనో గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచుతుంది. ఎండిన సొరబుర్రకు రంధ్రం చేసి ఇళ్ళ దగ్గర కట్టడం చోక్టా, చికసా వంటి ఆదివాసీ తెగల నుంచి వచ్చిన అలవాటు. ఆ బుర్రా, మన పాదుకు కాసే ఆనపకాయా ఒకే జాతి. పశ్చిమాన మాత్రం ఈ పక్షి ఇంకా వడ్రంగిపిట్టలు తొలిచిన తొర్రల్లో ఉంటుంది, అరిజోనాలోనైతే సగ్వారో జెముడు కాండంలో కూడా.

ఉత్తర అమెరికాలోని వానకోవెలలన్నిటిలో ఇదే పెద్దది, బరువు 50 గ్రాముల పైచిలుకు. చలికాలం బ్రెజిల్ వైపు గడిపి, జనవరిలో ఫ్లోరిడాకు, ఫిబ్రవరిలో టెక్సస్‌కు, ఏప్రిల్‌కల్లా ఉత్తరాది రాష్ట్రాలకు చేరుతుంది. తూనీగలు, పెంకుపురుగులు, రెక్కల చీమలు వంటివాటిని ఎగురుతూనే పట్టి తింటుంది. సాధారణంగా ఏడాదికి ఒక్క ఈతే. 4 నుంచి 6 గుడ్లు పెడుతుంది, సుమారు 15 రోజులు పొదుగుతుంది, పిల్లలు మరో నాలుగు వారాలు గూట్లో ఉంటాయి. మే నెలలో గూడు చెడితే మళ్ళీ మొదలుపెట్టడానికి దానికి మిగిలే వ్యవధి చాలా తక్కువ.

ఈ గూళ్ళకు పోటీ వచ్చేవి రెండు పరదేశి పక్షులు, రెండింటినీ మనుషులే తెచ్చి వదిలారు. పిచ్చుకలను 1850ల మొదట్లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో వదిలారు. స్టార్లింగులను 1890లో యూజీన్ షీఫెలిన్ సుమారు 60 తెప్పించి సెంట్రల్ పార్కులో వదిలాడు, మరుసటి ఏడాది మరో 40 వదిలాడు. స్టార్లింగ్ మన గోరింకల కుటుంబానిదే. ఆ కుటుంబ లక్షణం అందరికీ తెలిసిందే: తొర్ర కనబడితే వదలదు, అందులో ఎవరున్నా వెళ్ళగొడుతుంది.

మార్టిన్ గూళ్ళు చూసుకునేవారిలో చాలామంది ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి, ఒకే మందు వేయబోతారు. నష్టం అక్కడే మొదలవుతుంది. స్టార్లింగ్ మార్టిన్ కంటే పెద్దది, కాబట్టి ద్వారం కొలతతోనే దాన్ని ఆపవచ్చు. పిచ్చుక మార్టిన్‌లో సగం బరువు ఉంటుంది. మార్టిన్ దూరే ఏ రంధ్రంలోనైనా పిచ్చుక సులువుగా దూరుతుంది. దాన్ని ఆపేది మనిషి కాపలా ఒక్కటే.

ముందు స్టార్లింగ్ సంగతి. పాత పెట్టెలకు 54 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రం ఉండేది. అందులో స్టార్లింగ్ నేరుగా నడిచి వెళ్ళి లోపలున్న మార్టిన్ తలను ముక్కుతో పొడిచి చంపగలదు. చచ్చిన పక్షి మీదే గడ్డి పరిచి గూడు కడుతుంది కూడా. కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్‌కు చెందిన చార్లెస్ మెక్‌యూవన్ దీనికి నెలవంక ఆకారపు ద్వారం కనిపెట్టాడు. అడుగు గీత తిన్నగా, పైభాగం వంపుగా ఉంటుంది. వెడల్పు 3 అంగుళాలు, ఎత్తు 1 అంగుళం మీద 3/16, అంటే 30 మిల్లీమీటర్లు. మార్టిన్‌కు కాళ్ళు పొట్టి, ఒళ్ళు చదును. పొట్ట నేలకు ఆనించి జారుకుంటూ లోపలికి పోతుంది. స్టార్లింగ్ రొమ్ము లోతుగా ఉంటుంది, కాళ్ళ మీద ఎత్తుగా నిలబడి నడిచే పక్షి. తల పెడుతుంది, మెడ పెడుతుంది, భుజాల దగ్గర ఇరుక్కుని వెనక్కి తగ్గుతుంది.

ఇక్కడ 2 మిల్లీమీటర్లు కూడా లెక్కే. ఎత్తు 32కు చేరితే స్టార్లింగ్ దూరుతుంది, 28కి తగ్గితే మార్టిన్ ఇబ్బంది పడుతుంది. చెక్క వానకు ఉబ్బుతుంది, అంచులు గోళ్ళకు అరుగుతాయి, ప్లాస్టిక్ ఎండకు వంగుతుంది. అందుకే ఏటా సీజను ముందు ప్రతి ద్వారాన్నీ కొలవాలి. దీనికి రెండు చెక్క బద్దలు చాలు, ఒకటి 30 మిల్లీమీటర్ల మందం, మరొకటి 31. మొదటిది దూరాలి, రెండోది ఆగాలి. రెండోదీ దూరితే ఆ పలక మార్చేయడమే మంచిది. అరిగిన అంచుకు వేసిన అతుకు ఊడిపోవచ్చు.

కొలత సరిగ్గా ఉండి కూడా పని చెడేది ద్వారం పెట్టిన ఎత్తు దగ్గర. నెలవంక అడుగు గీత బయటి అరుగుతో సమానంగా ఉండాలి. తప్పనిసరైతే అర అంగుళం వరకు పైకి ఉండవచ్చు, అంతకు మించకూడదు. గడప పైకి పోయే కొద్దీ పొట్టి కాళ్ళ మార్టిన్ పొట్టను జార్చుకుంటూ వెళ్ళలేదు, ఎగిరి వచ్చి ద్వారం ముందే రెక్కలు కొట్టుకుంటుంది. లోపలి నేల కూడా బాగా కిందికి ఉండకూడదు. సొరబుర్రలకైతే లోపలా బయటా చిన్న అరుగు అమర్చాలి, గరుకుగా ఉంటే గోళ్ళకు పట్టు దొరుకుతుంది. కొన్ని ఆకారాల ద్వారాల్లో మూలల దగ్గర రెక్క ఇరుక్కుపోయి పక్షి వేలాడే ప్రమాదం ఉంది. అందుకే కొత్త ఆకారం పెట్టిన మొదటి వారం దూరం నుంచి రోజూ గమనించాలి.

గుండ్రటి రంధ్రాలకు అలవాటుపడిన గుంపు ఉంటే, ద్వారాలన్నీ ఒకేసారి మార్చకూడదు. పాత పక్షులు బెదిరి వేరే చోటు చూసుకోవచ్చు. ముందు కొన్ని అరలకు మార్చి, అవి దూరడం నేర్చాక మిగతావి మార్చాలి. ఒక జంట ఎంతసేపటికీ లోపలికి పోలేకపోతే పాత ద్వారం తిరిగి పెట్టేయాలి.

స్టార్లింగ్‌కు ఇంతే. ఇక పిచ్చుక.

మన దగ్గర పిచ్చుకకు వసారాల్లో వరికంకుల కుచ్చులు కడతాం, ఊళ్ళలో అది తగ్గిపోయిందని బాధపడతాం. ఆ ప్రేమ సరైనదే, ఇక్కడ అది పుట్టిన నేల మీదే ఉంది. కానీ డాలస్‌లోనో ఆస్టిన్‌లోనో పెరట్లో బియ్యం, చిరుధాన్యాలు, రొట్టెముక్కలు చల్లితే వచ్చి వాలేవాటిలో ఎక్కువభాగం ఇదే పిచ్చుక. అది అక్కడి స్థానిక పక్షులైన మార్టిన్, బ్లూబర్డ్, ట్రీ స్వాలోల గూళ్ళ మీద పడుతుంది. గూళ్ళ పెట్టె ఉన్న పెరట్లో చిరుధాన్యాలు, విరిచిన మొక్కజొన్న, రొట్టె అసలు వేయకూడదు.

మార్టిన్‌కు పిచ్చుక చేసే హాని ఎక్కువగా గుడ్ల దశలోనూ పిల్లలు బయటికొచ్చిన తొలి రోజుల్లోనూ కనిపిస్తుంది. గుడ్డు పెంకుకు చిన్న పోటు ఉంటుంది, లేదా గుడ్లు స్తంభం మొదట్లో పగిలి పడి ఉంటాయి. ఒంటి మీద ఈకలైనా రాని పిల్లలు తల మీద గాట్లతో కింద దొరుకుతాయి. కొద్ది రోజుల్లో ఆ అరలో మార్టిన్ గూటి మీదే ఎండుగడ్డి పోగవుతుంది. గూడు ఖాళీగా ఉండి కింద ఏ ఆనవాలూ లేకపోతే పామును అనుమానించాలి, పాము పైకి పాకకుండా స్తంభానికి తొడిగే అడ్డుపళ్ళెం లేదేమో చూడాలి.

పిచ్చుకను పట్టుకునే ముందు గూడు ఎవరిదో తేల్చుకోవడం చట్టరీత్యా కూడా అవసరం. 1918 నాటి వలసపక్షుల ఒప్పంద చట్టం అమెరికాలో స్థానిక పక్షుల గూళ్ళకు, గుడ్లకు రక్షణ ఇస్తుంది. పిచ్చుక, స్టార్లింగ్ ఆ రక్షణ కిందికి రావు. పిచ్చుక గూడు గడ్డి, ఈకలు, కాగితం, దారప్పోగులతో చిందరవందరగా, పైకప్పు ఉన్నట్టు ఉంటుంది. గుడ్లు మాసిన తెలుపు మీద గోధుమ, బూడిద రంగు చుక్కలతో ఉంటాయి. స్టార్లింగ్ గుడ్లు చుక్కల్లేని లేతనీలం. బ్లూబర్డ్ గుడ్లూ నీలమే కానీ కాస్త చిన్నవి, గూడు సన్నటి గడ్డితో పొందిగ్గా ఉంటుంది. మార్టిన్ గూట్లో బురద, పుల్లలు, పచ్చి ఆకులు ఉంటాయి. ద్వారం దగ్గర బురదతో చిన్న కట్ట కడుతుంది, గుడ్లు మచ్చలేని తెలుపు. ట్రీ స్వాలో గుడ్లూ తెల్లనివే, అంతకంటే చిన్నవి, చుట్టూ ఈకలు పరిచి ఉంటాయి. అర నిండా పుల్లలే ఉంటే అది హౌస్ రెన్. ఇది కూడా మార్టిన్ గుడ్లను పొడుస్తుంది, అయినా స్థానిక పక్షి, దాని గూటిని ముట్టకూడదు. పెట్టెను పొదలకు దూరంగా, చుట్టూ 12 నుంచి 18 మీటర్లు ఖాళీ ఉన్న చోట నిలబెడితే రెన్ బెడద చాలావరకు తగ్గుతుంది.

ఇప్పుడు ఎక్కువమంది తప్పటడుగు వేసే చోటు. పిచ్చుక గూడు కనబడగానే పీకి పారేస్తారు. మగ పిచ్చుకకు ఆడదాని కంటే ఆ అర మీదే మమకారం ఎక్కువ. గూడు పోయినా చోటు వదలదు, రెండు రోజుల్లో మళ్ళీ కడుతుంది. ఒక్కోసారి పక్క అరల్లోకి చొరబడి మార్టిన్ గుడ్లను వరసగా పొడిచేస్తుంది. అన్ని మగ పిచ్చుకలూ అలా చేయవు, కానీ చేసే ఒక్కటి చాలు ఒక పెట్టె మొత్తం ఖాళీ కావడానికి. మగదాన్ని పట్టే ఏర్పాటు లేకుండా గూడు మాత్రం పీకడం కంటే ఆ రోజుకు దాన్ని ముట్టకపోవడం మేలు.

మగదాన్ని గుర్తించడం సులువు: నడినెత్తి బూడిదరంగు, గొంతు కింద నల్లటి మచ్చ. అది ఏ అరను పట్టుకుని కూర్చుందో చూసి, స్తంభం దించి, ఆ అరలో సరిపడే పెట్టెబోను పెట్టాలి. లోపల గడ్డి కొంచెం ఉంచాలి, అది తన గూడే అనుకోవాలి. పక్షి లోపలికి దిగి మీట తొక్కగానే ద్వారం మూసుకుంటుంది. మీట బిగుతుగా ఉంటే 28 గ్రాముల పిట్టకు పడదు, మరీ వదులుగా ఉంటే గాలికే పడిపోతుంది. బిగించే ముందు అంత బరువున్న చిన్న సంచితో పరీక్షించాలి. అదే బోనులో మార్టిన్ కూడా పడవచ్చు. కాబట్టి బోను పెట్టినవారు అక్కడే ఉండాలి, కనీసం గంటకోసారి చూడాలి, చీకటి పడేలోపు తీసేయాలి. ఎండాకాలం మధ్యాహ్నం మూసిన పెట్టెలో పక్షి ఉడికి చనిపోతుంది.

గుంపుగా ఉన్న పిచ్చుకలకు నేల మీద పెట్టే పెద్ద బోను వాడతారు. దాన్ని మార్టిన్ పెట్టెకు దూరంగా పెట్టి, రొట్టె, చిరుధాన్యం ఎరగా వేస్తారు. లోపల ఒక పిచ్చుకను నీళ్ళు, తిండి, నీడ ఇచ్చి ఉంచితే మిగతావి దిగుతాయి. ఈ బోనులో స్థానిక పిచ్చుక జాతులూ పడతాయి, గుర్తుపట్టలేకపోతే బోను పెట్టనే కూడదు. ఆడ పిచ్చుకకు కంటి వెనక లేత పసుపు చార ఉంటుంది, రొమ్ము మీద గీతలు ఉండవు. గీతలు కనబడితే వదిలేయాలి, అనుమానం వచ్చినా వదిలేయాలి.

పట్టిన పిచ్చుకను కారులో తీసుకెళ్ళి పది మైళ్ళ అవతల వదలడం పనికిరాదు. అది తిరిగి రావచ్చు, లేకపోతే అక్కడి బ్లూబర్డ్ పెట్టె మీద పడుతుంది. అనుభవజ్ఞులు దాన్ని క్షణాల్లో, బాధ తెలియకుండా చంపుతారు. పద్ధతిని తెలిసినవారి దగ్గర నేర్చుకోవాలి, పుస్తకం చూసి ప్రయోగం చేయకూడదు. విషం మాత్రం ఎన్నడూ వాడకూడదు, అది స్థానిక పక్షులనూ, వాటిని తినే డేగలనూ చంపుతుంది. తుపాకీ విషయంలో ఊరికో నిబంధన ఉంటుంది, ముందే కనుక్కోవాలి.

చంపడానికి చేతులు రానివారికి గుడ్ల మార్గం ఉంది, అది చిన్న పని కాదు. పిచ్చుక రోజుకు ఒక గుడ్డు చొప్పున 4, 5 పెడుతుంది, 10 నుంచి 14 రోజులు పొదుగుతుంది. గుడ్లు పెట్టడం ముగిసి పొదగడం మొదలైన తొలి రోజుల్లోనే, ప్రతి గుడ్డుకూ మొక్కజొన్న నూనె అంతటా పట్టించి తిరిగి అక్కడే పెట్టాలి. పెంకులోని సూక్ష్మరంధ్రాలు మూసుకుపోయి లోపల పిండం పెరగదు. పెన్సిలుతో ప్రతిదాని మీదా గుర్తు పెడితే తర్వాత చేరిన గుడ్డు తెలిసిపోతుంది. పిచ్చుకలు వాటి మీద కూర్చునే ఉంటాయి, కాబట్టి మగదానికి కోపం రాదు, మార్టిన్‌కు ఆ రెండు మూడు వారాలు కలిసివస్తాయి. కాకపోతే ఒక అర పిచ్చుక చేతిలో ఉండిపోతుంది, మగది మార్టిన్‌ల మధ్యే తిరుగుతుంది. చిన్న గుంపుకు ఇది సరిపోదని నా అభిప్రాయం.

వీటన్నిటికీ ఆధారం వారానికోసారి గూళ్ళు చూడటం. గిలక, తాడు ఉన్న స్తంభమైతే ఐదు నిమిషాల్లో దింపవచ్చు. నిచ్చెన వేసి ఎక్కాల్సిన స్తంభాన్ని ఎవరూ తరచూ చూడరు, పిచ్చుకలు స్థిరపడేది అలాంటి చోటే. ప్రతి అరకూ అంకె వేసి, ఏ తేదీన ఎన్ని గుడ్లు, ఎన్ని పిల్లలు అన్నది రాసుకోవాలి. పిల్లలకు 22 రోజులు నిండాక ఆ అర తెరవకూడదు, ఎగరలేని పిల్లలు బెదిరి దూకేస్తాయి.

మార్టిన్‌లు దక్షిణానికి వెళ్ళిపోయాక పాత గూళ్ళు తీసి, కడిగి, ద్వారాలన్నీ మూతలతో మూసేయాలి. తెరిచి ఉంటే చలికాలమంతా పిచ్చుకలు అందులో రాత్రులు గడిపి వసంతానికి ముందే హక్కుదారులైపోతాయి. పాత గుంపు ఉన్న చోట మొదటి మార్టిన్ కనబడిన రోజే మూతలు తీయాలి. కొత్తగా గుంపును రప్పించుకోవాలనుకునేవారు మరో నాలుగు వారాలు ఆగితే మంచిది. కొత్త చోటు వెతుక్కునేవి ఎక్కువగా ఏడాది వయసు పక్షులు, అవి పెద్దవాటి తర్వాత వారాలకు గానీ రావు. అంతకు ముందే తెరిచిన అరల్లో పిచ్చుకలే ముందు చేరతాయి.