రాయి పోయింది, వాపు ఎందుకు మిగిలింది?

పలమనేరులో ఉండే మా మామయ్యకు తిరుపతిలో కిడ్నీ రాయి తీశారు. మూత్రం దిగడానికి నాళంలో పెట్టిన సన్నని గొట్టాన్ని (స్టెంట్) కూడా రెండు వారాలకు తీసేశారు. నెలన్నర తర్వాత స్కాన్ తీయించుకుని రమ్మని డాక్టరు రాసిచ్చిన చీటీ మాత్రం బీరువాలోనే ఉండిపోయింది. "నొప్పే లేనప్పుడు మళ్లీ అంత దూరం ఎందుకురా?" అంటారాయన. అత్తయ్య పోరు పడలేక చివరికి వెళ్తే, రిపోర్టులో 'మైల్డ్ హైడ్రోనెఫ్రోసిస్' అని వచ్చింది. అంటే రాయి లేదు, కిడ్నీలో కొద్దిగా వాపు ఉంది. ఇంటిల్లిపాదికీ టెన్షన్.

దెబ్బ తగిలి కాలు వాచినట్టు కాదిది. మూత్రం కిందికి దిగక కిడ్నీ లోపలి గదులు ఉబ్బడం. కిడ్నీ నుంచి మూత్రాశయానికి దిగే నాళం పొడవు సుమారు 25 సెంటీమీటర్లు, లోపలి వెడల్పు 3, 4 మిల్లీమీటర్లే. చెరువుకు తూము ఎలాగో కిడ్నీకి అది అలాగ.

రాయి ఒరుసుకున్న చోట, పరికరం తగిలిన చోట నాళం లోపొర కొన్ని వారాలు వాచి ఉంటుంది. అది దానంతటదే తగ్గుతుంది. చాలాకాలం సాగిన గదులు వదులైన ఎలాస్టిక్‌లా పూర్తిగా ముడుచుకోకపోవచ్చు. మూత్రం సాఫీగా దిగుతుంటే దానికి భయపడక్కర్లేదు. పట్టించుకోవాల్సింది మిగిలిపోయిన రాతిముక్కను, మచ్చ కట్టి సన్నబడిన నాళాన్ని.

ఇక్కడే నొప్పి మనల్ని మోసం చేస్తుంది. రాయి ఒక్కసారిగా అడ్డుపడితే ఒత్తిడి హఠాత్తుగా పెరిగి మెలికలు తిరిగిపోతాం. నాళం మెల్లగా మూసుకుపోతే కిడ్నీ కూడా మెల్లగా సాగుతుంది, ఏమీ తెలియకపోవచ్చు. రెండో కిడ్నీ బాగుంటే మూత్రం మామూలుగానే వస్తుంది, కిడ్నీల పనితీరు తెలియడానికి రక్తంలో చూసే క్రియాటినిన్ కూడా పెరగకపోవచ్చు. లోపల మాత్రం ఒక కిడ్నీ నెలల తరబడి అరిగిపోతుంటుంది. అందుకే ఆ స్కాన్‌ను నేను చికిత్సలో భాగమనే అంటాను.

అయితే అల్ట్రాసౌండ్ ఉబ్బును చూపిస్తుంది కానీ, మూత్రం దిగుతోందో లేదో ఖాయంగా చెప్పలేదు. అనుమానముంటే రీనోగ్రామ్ చేస్తారు. చేతి నరంలోకి కొద్దిపాటి రేడియోధార్మిక మందు ఎక్కించి, మూత్రం ఎక్కువగా వచ్చేలా లాసిక్స్ ఇంజెక్షన్ ఇచ్చి, ఆ రేడియోధార్మిక మందు కిడ్నీ నుంచి ఎంత వేగంగా దిగిపోతోందో కెమెరాతో చూస్తారు. ఏ కిడ్నీ ఎంత శాతం పనిచేస్తోందో కూడా తెలుస్తుంది.

వాపున్న మనిషికి చలిజ్వరం వస్తే మాత్రం తెల్లవారేదాకా ఆగకూడదు. అడ్డుపడిన మూత్రంలో ఇన్ఫెక్షన్ చేరితే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది.

రీనోగ్రామ్‌లో మామయ్యకు ఆ మందు చకచకా దిగిపోయింది. ఆరు నెలలకు మళ్లీ స్కాన్‌కు రమ్మన్నారు. ఈసారి చీటీని అత్తయ్య క్యాలెండరు మేకుకే గుచ్చింది.